ఓటీటీలకి కట్టే డబ్బులు గిట్టుబాటవుతున్నాయా లేదా: ఇంట్లో కూర్చుని లెక్క తేల్చుకునే పద్ధతి

ఇప్పుడు మనలో చాలామంది ఇళ్ళల్లో నాలుగైదు ఓటీటీలు నడుస్తున్నాయి, ఒకటి రీఛార్జ్‌తో వచ్చింది, ఒకటి క్రికెట్ కోసం తీస్కున్నారు, ఇంకోటి ఏదో సినిమా కోసం ఒక నెలకని కట్టి మర్చిపోయారు, అది ప్రతి నెలా కట్ అవుతూనే ఉంది. దేనికది చూస్తే చిన్న మొత్తమే, 149, 199, 299, అందుకే ఎవరికీ పట్టదు. కానీ నెట్‌ఫ్లిక్స్ 199ది పన్నెండు నెలలంటే 2388, ప్రైమ్ ఏడాదికి 1499, ఈ రెండిటికే 3887 అయింది, పైన హాట్‌స్టార్, ఆహా, యూట్యూబ్ ప్రీమియం కలిస్తే తడిసి మోపెడవుతుంది.

ఓటీటీలు దండగ అని నేను అనను. పొద్దంతా ఇంట్లో ఉండే పెద్దవాళ్ళకి, నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళకి, పిల్లల్ని వదిలి థియేటర్‌కి వెళ్ళలేని తల్లులకి అది నిజంగా పెద్ద ఊరట. నా బాధల్లా అన్నీ ఒకేసారి పెట్టుకోవడం గురించి, ఎందుకంటే ఒక్క సాయంత్రం ఒక్క టీవీలో చూసేది ఒక్కటే కదా. అందుకని ఏది ఉంచాలి, ఏది ఎప్పుడు తీస్కోవాలి, ఏది ఆపాలి అన్నది కింద చెప్పిన వరసలో చేస్కోండి, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది.

ముందుగా అసలు ఏమేం కట్ అవుతున్నాయో బయటికి తీయాలి. గుర్తున్నవి రాస్కోవడం కాదు, ఫోన్‌లో చూసి రాయాలి, ఎందుకంటే మనకి గుర్తులేనిదే కదా ఊరికే పోయేది. ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ప్రొఫైల్ ఫోటో నొక్కి వెతికితే ఆటోపే అని కనిపిస్తుంది, అది తెరిస్తే మీరు ఎవరెవరికి పర్మిషన్ ఇచ్చారో, మళ్ళీ డబ్బులు ఎప్పుడు తీస్కుంటారో అంతా అక్కడే ఉంటుంది. అక్కడ కొన్నిసార్లు మీ ప్లాన్ కంటే చాలా ఎక్కువ మొత్తం కనిపిస్తుంది, దానికి కంగారు పడకండి, అది వాళ్ళు గరిష్ఠంగా తీస్కోగలిగే పరిమితి, నెలనెలా కట్ అయ్యేది ప్లాన్ డబ్బులే. తర్వాత ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ చూడండి, ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో పైన మీ పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ అని ఉంటుంది. ఆ తర్వాత క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు ఓ మూడు నెలలవి తిరగేయండి. ఇంట్లో ఇద్దరు సంపాదిస్తుంటే ఇద్దరి ఫోన్లూ చూడాలి, భర్త ఫోన్‌లో ఒకటి భార్య ఫోన్‌లో ఒకటి అదే యాప్‌కి విడివిడిగా కడుతున్న ఇళ్ళు కూడా ఉంటాయి.

ఇంకో చోట కూడా చూడాలి, అది మీ రీఛార్జ్. మైజియో గానీ ఎయిర్‌టెల్ థాంక్స్ గానీ తెరిచి మీ ప్లాన్ వివరాల్లో ఏ ఓటీటీ ఫ్రీగా ఉందో చదవండి. ఇంటికి ఫైబర్ నెట్ ఉంటే ఆ ప్లాన్‌లో కూడా చూడండి. చాలాసార్లు అది దానంతట అది ఆన్ అవ్వదు, మనమే వెళ్ళి క్లెయిమ్ నొక్కాలి, నొక్కకపోతే అలా ఉండిపోతుంది, మనం పక్కన అదే యాప్‌కి విడిగా డబ్బులు కడుతూ ఉంటాం. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, రీఛార్జ్‌తో వచ్చేది కొన్నిసార్లు ఫోన్‌లో మాత్రమే ఆడే రకం ఉంటుంది, టీవీలో పెడితే ప్లాన్ అప్‌గ్రేడ్ చేస్కోండి అంటుంది. కాబట్టి ఫ్రీ అని మురిసిపోకుండా టీవీలో ఒకసారి ఆడించి చూస్కున్నాకే విడిగా కడుతున్నది ఆపండి.

జాబితా చేతికొచ్చాక అసలు పని మొదలవుతుంది, ఎవరు ఏం చూస్తున్నారు అనేది. ఇది ఇంట్లో వాళ్ళని అడిగితే సరిగ్గా తేలదు, అందరూ 'చూస్తాం కదా' అంటారు, ఉంచేద్దాం అంటారు. యాప్‌నే అడగాలి. నెట్‌ఫ్లిక్స్‌లో బ్రౌజర్‌తో లాగిన్ అయ్యి అకౌంట్‌లో ప్రొఫైల్ ఎంచుకుంటే వ్యూయింగ్ యాక్టివిటీ అని ఉంటుంది, ఏ తేదీన ఏం చూశారో వరసగా చూపిస్తుంది. ప్రైమ్‌లో కూడా సెట్టింగ్స్‌లో వాచ్ హిస్టరీ ఉంది. అది తెరిచి గత రెండు మూడు నెలలది కిందకి జరుపుతూ చూడండి, చాలా విషయాలు బయటపడతాయి. ఒక ప్రొఫైల్‌లో శనివారం రాత్రి ఒక సినిమా సగం చూసి వదిలేసింది తప్ప నెలంతా ఏమీ ఉండదు, పిల్లల ప్రొఫైల్‌లో అదే కార్టూన్ అదే ఎపిసోడ్ మళ్ళీ మళ్ళీ మళ్ళీ ఉంటుంది, అంటే ఆ నెల డబ్బులు నిజానికి ఆ ఒక్క కార్టూన్‌కి కట్టినట్టు. అది తప్పేం కాదు, ఆ అరగంటలో మీకు వంట పనైపోతుందంటే అదీ విలువే, కానీ దానికి నాలుగు స్క్రీన్ల ప్లాన్ అక్కర్లేదు కదా.

చాలామంది ఒక లెక్క చెప్తుంటారు, మల్టీప్లెక్స్ టికెట్ 295, నలుగురికి 1180, పైన పార్కింగు పాప్‌కార్ను, దాంతో పోలిస్తే ఓటీటీ చవక అని. నాకు ఈ లెక్క నచ్చదు. ఓటీటీలో చూసే సినిమాల్లో ఎన్నింటికి మీరు టికెట్ కొనుక్కుని వెళ్ళేవాళ్ళో ఆలోచించండి, పదిలో ఒకటో రెండో. మిగతావి ఇంట్లో ఉంది కాబట్టి పెట్టారు, లేకపోతే పెట్టేవాళ్ళు కాదు, అలాంటివాటిని టికెట్ రేటుతో గుణించి లాభం అనుకుంటే అంతకంటే పొరపాటు లేదు. దాని బదులు సింపుల్‌గా, ఆ నెలలో మీరు కావాలని, ఇష్టపడి, చివరిదాకా చూసినవి ఎన్నో లెక్కపెట్టి నెల డబ్బుల్ని దాంతో భాగించండి. 299 కట్టి ఒకటే చూశారంటే ఆ ఒక్కటీ మల్టీప్లెక్స్ టికెట్ రేటుకి ఇంట్లో చూసినట్టు. ఆరు చూస్తే ఒక్కోటి యాభై పడింది, అది బాగా గిట్టినట్టే.

ఇప్పుడు మీవాళ్ళు చూసేది ఏ యాప్‌లో వస్తుందో తెలుస్కోవాలి, ఇక్కడే ఎక్కువమంది తికమక పడతారు. సీరియల్స్, షోలు అయితే ఛానల్‌ని బట్టి తేలిపోతుంది. స్టార్ మాది జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగుది జీ ఫైవ్‌లో, జెమినిది సన్ నెక్స్ట్‌లో, ఈటీవీది ఈటీవీ విన్‌లో. అమ్మకి సీరియల్ టైమ్‌కి టీవీ ముందు కూర్చునే అలవాటు ఉండి ఇంట్లో కేబుల్ గానీ డీటీహెచ్ గానీ ఉంటే అదే ఎపిసోడ్‌కి మళ్ళీ యాప్ డబ్బులు కట్టడం దేనికి. అలా కాకుండా ఆవిడ ఆ టైమ్‌లో గుడికో డ్యూటీకో వెళ్తారు, రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో చూస్తారు అంటే యాప్ ఉంచి కేబులే తీసేయొచ్చేమో చూడండి. రెండూ ఉంచుకోవడం మాత్రం ఆలోచించాల్సిన విషయం.

సినిమాల సంగతి వేరు. సినిమా ఏ యాప్‌లోకి వస్తుందన్నది ముందు జరిగిన బేరాన్ని బట్టి ఉంటుంది, హీరోని బట్టో బ్యానర్‌ని బట్టో మనం ఊహించలేం. అదే సినిమా భాషని బట్టి వేరే యాప్‌లోకి పోవచ్చు కూడా. ఆర్ఆర్ఆర్ చూడండి, 2022 మే 20న తెలుగుది జీ ఫైవ్‌లో వచ్చింది, హిందీది నెట్‌ఫ్లిక్స్‌లో. కల్కి కూడా 2024 ఆగస్టులో తెలుగుది ప్రైమ్‌లో, హిందీది నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఫలానా సినిమా ఓటీటీలోకి వచ్చేసింది అని వాట్సాప్‌లో చూసి వెంటనే డబ్బులు కట్టేసి తీరా తెరిస్తే తెలుగు ఆడియో లేకపోతే ఎంత చిరాకు. కట్టకముందే యాప్‌లో ఆ సినిమా పేజీ తెరవండి, లాంగ్వేజెస్ అని ఉన్న చోట తెలుగు ఉందో లేదో చూడండి, అది చూడ్డానికి చాలా యాప్‌లలో సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు.

ఇంకోటి, ప్రైమ్‌లో కొన్ని సినిమాల దగ్గర రెంట్ అని ఉంటుంది. మెంబర్‌షిప్ ఉన్నా దానికి విడిగా కట్టాలి, సాధారణంగా 30 రోజుల్లోపు మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక 48 గంటల్లో పూర్తి చేయాలి. ఇంట్లో అందరూ ఎదురుచూసే సినిమా ఒక్కటే ఉండి, ఆ యాప్‌లో మీకు ఇంకేమీ అక్కర్లేకపోతే, అలాంటి చోట రెంట్ ఒక్కోసారి నెల ప్లాన్ కంటే నయం. తొందర లేకపోతే ఆగితే ఇంకా నయం, రెంట్‌కి పెట్టినవి చాలా వరకు కొన్ని వారాలకి మామూలు ప్లాన్‌లోకి వచ్చేస్తాయి.

తర్వాత ప్లాన్ సైజు. మీ టీవీ 32 అంగుళాల హెచ్‌డీ రెడీ అయితే ఫోర్ కే ప్లాన్ తీస్కోవడం వల్ల ఒక్క రూపాయి లాభం లేదు, ఆ టీవీ అంత క్వాలిటీ చూపించలేదు. నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో 2021 డిసెంబర్‌లో రేట్లు తగ్గించింది, మొబైల్ 149, బేసిక్ 199, స్టాండర్డ్ 499, ప్రీమియం 649 చేసింది. 149ది టీవీలో ఆడదు, 199ది టీవీలో ఆడుతుంది కానీ ఒకసారి ఒక్క చోటే, 720 క్వాలిటీ. ఇంట్లో ఒకే టీవీ, అందరూ కలిసి చూస్తారు అనుకుంటే 199ది సరిపోతుంది, దానికీ 649కీ తేడా నెలకి 450, ఏడాదికి 5400. నిజంగా ఫోర్ కే టీవీ, ఫైబర్ నెట్, విడివిడిగా చూసే ముగ్గురు నలుగురు ఉన్న ఇంటికే ఆ పెద్ద ప్లాన్. నెట్ ఖర్చు కూడా ఇందులోదే, హెచ్‌డీలో చూస్తే గంటకి సుమారు మూడు జీబీ దాకా, ఫోర్ కే అయితే ఏడు జీబీ దాకా లాగుతుందని నెట్‌ఫ్లిక్స్ వాళ్ళే చెప్తారు. రోజుకి రెండు జీబీ వచ్చే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని టీవీలో చూద్దాం అనుకుంటే సినిమా ఇంటర్వెల్ దాకా కూడా రాదు, పైన డేటా ప్యాక్‌లు వేస్కోవాలి, ఆ డబ్బులూ ఓటీటీ ఖాతాలోనే రాయండి.

ఇక నెలకా ఏడాదికా అన్నది. ఏడాది ప్లాన్ ఎప్పుడూ చవకగానే కనిపిస్తుంది, అందుకే ముందు దాన్నే చూపిస్తారు. ప్రైమ్ తీస్కుందాం, నెలకి 299, మూడు నెలలకి 599, ఏడాదికి 1499. నెలనెలా కడితే ఐదో నెలకి 1495 అవుతుంది, అంటే నెలనెలా కడుతూ ఏడాదిలో ఐదు నెలలు దాటి వాడేవాళ్ళకి ఏడాదిదే లాభం. రెండే రెండు సార్లు మూడు నెలలది తీస్కుంటే 1198కి ఆరు నెలలు వస్తుంది, మిగతా ఆరు నెలలు ఆపేసినా బాధ లేదు అనుకునేవాళ్ళకి అది నయం. ప్రైమ్‌లో డెలివరీ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఆర్డర్లు బాగా పెట్టే ఇల్లైతే లెక్క మారిపోతుంది, వీడియో ఒక్కటే చూడకండి. అలాగే 2025 జూన్ నుంచి ప్రైమ్ వీడియోలో యాడ్స్ మొదలయ్యాయి, వద్దనుకుంటే పైన నెలకి 129 గానీ ఏడాదికి 699 గానీ కట్టాలన్నారు, అంటే పాత 1499కి వచ్చిన అనుభవమే కావాలంటే 2198 అయింది. యాడ్స్ మీకు ఓకేనా కాదా అనేది ముందే తేల్చుకోండి, ఏడాదికి కట్టేశాక కాదు.

నెట్‌ఫ్లిక్స్‌కి ఇక్కడ ఏడాది ప్లానే లేదు, అన్నీ నెలవే. అందుకే మధ్యమధ్యలో ఆపడానికి అన్నిటికంటే వీలైనది అదే, ఒక నెల తీస్కుని కావాల్సినవన్నీ వరసగా చూసి రెండు మూడు నెలలు ఆపేయొచ్చు, మళ్ళీ కట్టినప్పుడు ప్రొఫైళ్ళు, లిస్టు అన్నీ అలాగే ఉంటాయి, పది నెలల దాకా ఉంచుతారు. క్రికెట్ కోసం తీస్కునేవాళ్ళు ఐపీఎల్ చూస్కోండి, సాధారణంగా మార్చి నెలాఖరులో మొదలై మే చివరికో జూన్ మొదటికో అయిపోతుంది, దానికి మూడు నెలల ప్లాన్ చాలు. జియోహాట్‌స్టార్ 2025 ఫిబ్రవరి 14న మొదలైనప్పుడు మూడు నెలల మొబైల్ ప్లాన్ 149 పెట్టింది, తర్వాత ఎంతుందో కట్టేముందు యాప్‌లో చూస్కోండి. బిగ్ బాస్ కూడా జియోహాట్‌స్టార్‌లోనే వస్తుంది, అది చూసే ఇల్లైతే కొన్నేళ్ళుగా అది సెప్టెంబర్ మొదట్లో మొదలై డిసెంబర్ మూడో వారం దాకా నడుస్తోంది, కాబట్టి ఐపీఎల్ కోసం ఒకసారి, బిగ్ బాస్ కోసం ఒకసారి విడిగా కట్టేబదులు ఏడాదిది ఎంతో పక్కన పెట్టి చూడండి, అక్కడ ఏడాదిదే గెలవొచ్చు. ఇలా ఒక్కో ఇంటికి ఒక్కోలా వస్తుంది, పక్కింటివాళ్ళు ఏడాదిది తీస్కున్నారని మనమూ తీస్కోకూడదు.

నేను అందరికీ గట్టిగా చెప్పేది ఇది: కట్టిన రోజే క్యాన్సిల్ చేసేయండి. వినడానికి వింతగా ఉంటుంది కానీ పెద్ద యాప్‌లు చాలావాటిలో క్యాన్సిల్ నొక్కినా మీరు కట్టిన నెల పూర్తయ్యేదాకా చూడనిస్తారు, తర్వాతి నెల డబ్బులు తీస్కోవడం ఒక్కటే ఆగుతుంది. నొక్కాక 'ఫలానా తేదీ దాకా మీ ప్లాన్ ఉంటుంది' అని చూపిస్తారు, ఆ తేదీ చదివాకే బయటికి రండి. ప్రైమ్‌లో 'ఇప్పుడే ఆపేయాలా, తేదీ అయ్యాక ఆపాలా' అన్నట్టు కూడా అడగొచ్చు, తొందరలో మొదటిది నొక్కేయకండి. ఇలా చేస్తే నెలాఖరుకి మీకు నిజంగా మళ్ళీ కావాలనిపిస్తే మీరే వెళ్ళి కడతారు, అనిపించకపోతే దానంతట అది ఆగిపోతుంది. గుర్తుపెట్టుకుని ఆపాల్సిన పని పోయి గుర్తుపెట్టుకుని కట్టాల్సిన పని అవుతుంది, మన మతిమరుపు అప్పుడు మన డబ్బుల్నే కాపాడుతుంది. ఫ్రీ ట్రయల్ అయితే ఇది ఇంకా ముఖ్యం, కాకపోతే కొన్ని చోట్ల ట్రయల్ మధ్యలో క్యాన్సిల్ చేస్తే వెంటనే ఆగిపోతుంది, అలా రాసి ఉంటే చివరి రోజుకి ఒకరోజు ముందు అలారం పెట్టుకోండి.

క్యాన్సిల్ చేయడమంటే ఫోన్‌లో యాప్ తీసేయడం కాదు, ఇది చాలామందికి తెలీదు. యాప్ తీసేసినా ఆటోపే బతికే ఉంటుంది. ముందు యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ అకౌంట్‌లోకి వెళ్ళి ప్లాన్ ఆపాలి, ప్లే స్టోర్ ద్వారా కట్టి ఉంటే ప్లే స్టోర్‌లోనే ఆపాలి, ఆ తర్వాత యూపీఐ యాప్‌కి వచ్చి ఆటోపేలో ఆ కంపెనీ పేరు నొక్కి మాండేట్, అంటే మీరు ఇచ్చిన పర్మిషన్, కూడా రద్దు చేయాలి, పిన్ అడుగుతుంది, కొట్టేయండి. ప్లాన్ రీఛార్జ్‌తో వచ్చిందైతే టెలికాం యాప్‌లోనే చూస్కోవాలి.

చవకగా వస్తుందని టెలిగ్రామ్‌లో ఎవరో తమ అకౌంట్‌లో వాటాగా అమ్మే స్క్రీన్లు మాత్రం కొనకండి. నెలకి 50కి నెట్‌ఫ్లిక్స్ అంటారు, వారం ఆడుతుంది, తర్వాత పాస్‌వర్డ్ మారిపోతుంది, డబ్బులు అడుగుదామంటే మనిషే ఉండడు. నెట్‌ఫ్లిక్స్ 2023 జులై నుంచి మన దగ్గర కూడా ఒకే ఇంటివాళ్ళకే అకౌంట్ అని గట్టిగా చూస్తోంది, ప్రైమ్ కూడా 2025 జనవరి నుంచి ఐదు పరికరాలు, అందులో టీవీలు రెండే అని పెట్టింది. అందుకే హైదరాబాద్‌లో కొడుకు, ఊళ్ళో అమ్మానాన్న ఒకే అకౌంట్ వాడుకునే ఇళ్ళు ఇప్పుడు ఇంకోసారి లెక్క చూస్కోవాలి. ఊళ్ళో వాళ్ళు చూసేది సీరియల్సూ భక్తి కార్యక్రమాలూ అయితే వాళ్ళకి ఒక చిన్న తెలుగు యాప్ విడిగా తీస్కోవడం మేలు, పెద్ద ప్లాన్ పంచుకునే తిప్పలుండవు. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న పిల్లలు ఇక్కడివాళ్ళకి కట్టాలనుకుంటే ఇక్కడి నంబర్ మీద, ఇక్కడి అకౌంట్‌లోనే తీస్కోవాలి, ఎందుకంటే అదే యాప్ అయినా దేశాన్ని బట్టి సినిమాలు మారిపోతాయి, పైగా ఓటీపీ అమ్మ ఫోన్‌కే రావాలి కదా.

అసలు ఏమీ కట్టని నెల కూడా ఒకటి పెట్టి చూడండి. ప్రసార భారతి 2024 నవంబర్‌లో వేవ్స్ అని యాప్ తెచ్చింది, అందులో చాలావరకు ఉచితం, అమెజాన్ ఎంఎక్స్ ప్లేయర్ యాడ్స్‌తో ఫ్రీ, యూట్యూబ్‌లో హక్కులున్న ఛానళ్ళే పాత తెలుగు సినిమాలు పూర్తిగా పెడుతున్నాయి. ఆ నెలలో ఇంట్లో ఎవరు ఏ యాప్ అడిగారో చూడండి. అడిగిందే మళ్ళీ తీస్కోండి.

ఆఖరుగా, ఆపేశాక తర్వాతి నెల స్టేట్‌మెంట్ ఒకసారి చూడండి. కార్డుల మీద ఇలా కట్ అయ్యేవాటికి ఆర్‌బీఐ 2021 అక్టోబర్ 1 నుంచి ఒక రూల్ పెట్టింది, డబ్బులు తీస్కోవడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ గానీ మెయిల్ గానీ రావాలి, వద్దంటే ఆపుకునే దారి ఉండాలి. బ్యాంకు మెసేజ్‌లు చదవకుండా తుడిచేయకండి, అందులోనే ఆ లింకు ఉంటుంది. క్యాన్సిల్ చేశాక కూడా డబ్బులు పోతే క్యాన్సిల్ అయిన స్క్రీన్‌షాట్ పెట్టి ముందు యాప్‌లోని హెల్ప్‌లో రాయండి, కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతకొద్దు, అక్కడ దొంగ నంబర్లు చాలా ఉన్నాయి, అలాంటివాళ్ళ చేతిలో పడి డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. యాప్ వాళ్ళు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. చేరడం తేలిక చేసి బయటికి రావడం కష్టం చేయడాన్ని 2023 నవంబర్ 30న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో తప్పుడు పద్ధతిగానే రాశారు, కాబట్టి క్యాన్సిల్ బటన్ దొరక్కుండా దాచారని మీరు దర్జాగా ఫిర్యాదు చేయొచ్చు. 1915లో తెలుగులోనే మాట్లాడొచ్చు, కట్టిన తేదీ, మొత్తం, ట్రాన్సాక్షన్ నంబర్, స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని చేయండి.